చెప్పుల దగ్గర అడిగే ప్రశ్నలు: మా చిన్న సంఘం గురించి

ఆదివారం ఆరాధన ముగిశాక అసలు మాటలు మొదలయ్యేది గుమ్మం బయట, ఎవరి చెప్పులు వారు వెతుక్కునే చోట. లోపల రెండు గంటలు నోరు మెదపనివారు అక్కడ ఒంటికాలి మీద నిలబడి, రెండో చెప్పు తొడుక్కుంటూ, "అక్కా, ఒక మాట" అంటారు. సంఘ కార్యదర్శిగా 11 ఏళ్లుగా ఆ "ఒక మాట" వింటున్నాను. ప్రశ్నలు సుమారు పాతిక. అడిగేవారు మారుతుంటారు, అవి మారవు. రాసి పెడితే మీ గొంతుకూ విశ్రాంతి అని మా అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, సలహా ఇచ్చారు.

మాది కడప నుంచి ఎర్రగుంట్ల వెళ్లే దారిలో 38 కుటుంబాల సంఘం. పైన రేకులు, కింద కడప బండలు. ఇక్కడ రాసినవి మా పద్ధతులు. పక్క ఊరి సంఘంలో వేరుగా ఉండవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నేను క్రైస్తవుణ్ణి కాదు. ఊరికే వచ్చి కూర్చోవచ్చా?

రావచ్చు. పేరు, ఊరు అడుగుతారు. అది మా వైపు ఎక్కడికి వెళ్లినా అడిగేదే. ముందుకు పిలిచి నిలబెట్టడం, చేతులెత్తించడం మా దగ్గర లేదు. చెప్పులు గుమ్మం దగ్గర వదలాలి. ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులున్నవారికి గోడ వెంట కుర్చీలున్నాయి. నెలలో మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఉంటుంది, అది బాప్తిస్మం తీసుకున్నవారికి. పళ్లెం మీ దగ్గరికి వస్తే పక్కవారికి అందించండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

బొట్టు, పూలు పెట్టుకుని వస్తే ఎవరైనా ఏమైనా అంటారా?

అనకూడదు. కానీ ఒకప్పుడు అన్నవారు ఉన్నారు. ఒక కొత్త కోడలు మొదటిసారి వచ్చిన రోజున మా పెద్దావిడ ఒకరు తన చీర కొంగుతో ఆమె నుదురు తుడవబోయారు. ఆ అమ్మాయి మళ్లీ గుమ్మం ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పేది ఆమే. బొట్టు ఉంచుకోవడం, తీసేయడం ఆమెకూ ఆమె మనసుకూ సంబంధించిన సంగతి. మధ్యలో ఇంకొకరి కొంగుకు పని లేదు. తల మీద కొంగు కప్పుకోవడం మా ఆడవారి అలవాటు. మీరు కప్పుకోకపోతే తెచ్చి కప్పేవారు లేరు.

అది ఫలానా కులం వాళ్ల చర్చి అంటారు కదా?

మా సంఘంలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారే. దాచాల్సిన పని లేదు. రాయలసీమలో మిషనరీల మాట మొదట విని, వాడలకు వాడలుగా కలిసి వచ్చింది ఆ ప్రజలే. పలక, మందు సీసా వారి గడపలోకి వచ్చింది ఆ దారినే. అలాగని ఇది ఒకరి సొత్తు కాదు. మాలో మూడు చేనేత కుటుంబాలున్నాయి, ఒక రెడ్డి గారున్నారు.

కులం గుమ్మం బయటే ఆగిపోయిందని చెబితే మాత్రం అబద్ధమవుతుంది. ఆరాధనలో ఒకే చాప మీద కూర్చున్నవారు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతూనే ఉన్నారు. నేను చూసే గుర్తు ఒకటుంది: ప్రార్థన కూడిక ఎవరి ఇంట్లో పెట్టినా అందరూ వెళ్లి అక్కడి గ్లాసుతో టీ తాగుతున్నారా లేదా? మా దగ్గర తాగుతున్నారు. పెళ్లిళ్ల విషయంలో ఇంకా చాలా దూరం నడవాలి.

ఆరాధన ఎంతసేపు? మధ్యలో లేచి వెళ్లవచ్చా?

పది నుంచి పన్నెండున్నర వరకు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికే మొదలుపెడతాం. రేకుల కింద పదకొండు దాటితే వాక్యం ఎవరి చెవికీ ఎక్కదు. బస్సు వేళ అయితే లేచి వెళ్లండి.

పెద్ద చర్చి ఉండగా ఈ రేకుల షెడ్డుకు ఎందుకు రావాలి?

రావాలనేమీ లేదు. కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు ఆ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. ఆ పెద్ద చర్చి గంట, ఆ గోడలు, ముత్తాతల బాప్తిస్మం రాసి ఉన్న ఆ రిజిస్టర్లు మా దగ్గర లేవు. మా దగ్గర ఏముందంటే, మీరు రెండు వారాలు రాకపోతే మూడో వారం ఎవరో ఒకరు మీ ఇంటి ముందు స్కూటరు ఆపుతారు. కొందరికి అది ఊరట, కొందరికి విసుగు. జనంలో కలిసిపోయి ప్రశాంతంగా ఆరాధించుకోవాలనుకునేవారికి పెద్ద చర్చే మేలు. ఈ మాట మా పాస్టరు గారి ముందు కూడా అంటాను.

## వచ్చిన కొత్తలో

అందరూ "వందనాలు" అంటున్నారు. నేనేమనాలి?

మీరూ వందనాలు అనండి. నమస్కారం అన్నా అదే చిరునవ్వు తిరిగి వస్తుంది.

పాటలు రావు, బైబిలు భాష అర్థం కాదు. నాలాంటివారు ఏం చేయాలి?

పాటల గురించి దిగులు వద్దు. మా పాత కీర్తనలకు రాగం మెల్లగా నడుస్తుంది, పక్కవారి గొంతు పట్టుకుని నాలుగు వారాల్లో పాడేస్తారు. యువకులు కీబోర్డుతో పాడే కొత్త పాటలే నాకు ఇప్పటికీ అందవు.

భాష సంగతి వేరు. మనం చదివే పాత అనువాదం గ్రాంథికం, అందులో కొన్ని మాటలకు ఈ రోజు అర్థమే మారిపోయింది. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ "హెచ్చరిక". ఇప్పుడు హెచ్చరిక అనగానే ట్రాన్స్‌ఫార్మరు మీద పుర్రె బొమ్మ గుర్తొస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం 24, 25 వచనాల్లో "సమాజముగా కూడుట మానక, ఒకనినొకడు హెచ్చరించుచు" అని ఉంటుంది. ఆ చోట గ్రీకులో ఉన్న క్రియకు దగ్గరికి పిలవడం, ధైర్యం చెప్పడం, ఓదార్చడం, ముందుకు నడిపించడం, అన్నీ అర్థాలే. రాజుల కొలువులో "హెచ్చరిక" అని కేక వేసేవారు కదా, మెలకువగా ఉండమని. పాత అనువాదకులకు ఆ మాట దగ్గరగా తోచి ఉంటుంది. ఈ సంగతి తెలియక మా సంఘంలో ఒక తరమంతా ఒకరినొకరు నిజంగానే హెచ్చరిస్తూ, అంటే తిట్టుకుంటూ, బైబిలు ప్రకారమే నడుస్తున్నామనుకుంది.

వాడుక భాషలో అనువాదాలు దొరుకుతున్నాయి. ఇంట్లో అది చదవండి, సంఘంలో పాతది వినండి. రెండూ పక్కపక్కన ఉంటే ముడులు వాటంతటవే విడతాయి.

సాక్ష్యం చెప్పమంటే వణుకు వస్తోంది. తప్పదా?

సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును అందరి ముందు లేచి చెప్పడం. తప్పించుకోవచ్చు, ఎవరినీ పేరు పెట్టి పిలవం. చెప్పాలనిపిస్తే మూడు వాక్యాలు చాలు. మా ఆటో అన్న ఒకసారి లేచి, "మంగళవారం ఎక్కించుకున్నది బడి పిల్లలను. టైరు పేలింది. ఎవరికీ గీత కూడా పడలేదు, వందనాలు" అని కూర్చున్నాడు. చెబుతున్నంతసేపూ స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపి ఉన్నాయి. అరగంట సాక్ష్యాలు ఎన్నో మరిచిపోయాను, ఆ చేతులు మాత్రం గుర్తున్నాయి. పాత పాపాల చిట్టా చదవకండి, ముఖ్యంగా భార్య అక్కడే కూర్చుని ఉన్నప్పుడు.

కానుక ఎంత వేయాలి? దశమభాగం ఇవ్వకపోతే తప్పా?

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం మీద ప్రసంగం వినని విశ్వాసి ఉండరు కాబట్టి ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. దశమభాగం మంచి క్రమశిక్షణ, ఇవ్వగలిగినవారు ఇస్తున్నారు. కానీ కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 9వ అధ్యాయంలో పౌలు పెట్టిన కొలత వేరు: సణుగుకోకుండా, బలవంతం లేకుండా, ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నంత వారు ఇవ్వాలి. మా దగ్గర కవర్ల మీద పేర్లు రాయించం. ఉపాధి పని డబ్బులు ఖాతాలో పడక ముందే అప్పు చేసి కానుక వేసేవారున్నారు. దయచేసి అలా చేయకండి.

డబ్బు లేని ఇళ్ల నుంచి పిడికెడు బియ్యం వస్తాయి. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి ఉంచుతారు, నెలాఖరున ఆ డబ్బా తెచ్చి మా ప్లాస్టిక్ డ్రమ్ములో పోస్తారు. సోనా మసూరి, చౌక దుకాణం బియ్యం అన్నీ అందులో కలిసిపోతాయి. ఒంటరిగా ఉన్న ఇద్దరు అవ్వలకు అవి నెల మొత్తానికీ సరిపోతాయి. ఒకే గంజిలో సగం మెత్తబడి, సగం పలుకుగా ఉడుకుతున్నాయని ఒక అవ్వ ఫిర్యాదు. ఇంకా పరిష్కారం దొరకలేదు.

బాప్తిస్మం తీసుకుంటే పిల్లల కుల ధ్రువపత్రం ఏమవుతుంది?

చెప్పుల దగ్గర కూడా కాదు, ఇది చెవిలో అడిగే ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని, వారి సంతానాన్ని వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కింద లెక్కిస్తారు, దానికి రిజర్వేషన్ 1 శాతం. షెడ్యూల్డు తెగలకు మతంతో ఇటువంటి ముడి లేదు.

వాడ మారదు, పని మారదు, ఊరు చూసే చూపు మారదు, కాగితం మాత్రం మారిపోతుంది. ఇందులో న్యాయం నాకు కనిపించదు. అయినా కాగితం మీద ఒకటి, ప్రార్థనలో ఒకటి పెట్టుకోమని సలహా ఇవ్వడం సంఘం పని కాదు. తెలిసిన న్యాయవాదిని అడగండి, ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. మా పాస్టరు గారు బాప్తిస్మానికి ఎవరినీ తొందరపెట్టరు; ఆరేళ్లు వచ్చి కూర్చున్నాక తీసుకున్నవారు ఉన్నారు.

పక్కింటివారు ప్రసాదం ఇస్తే ఏం చేయాలి?

ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప ఆలయానికి వచ్చి దర్శనం చేసుకునే జిల్లా మనది. ఇరుగుపొరుగు మర్యాద ఇక్కడ ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి కొరింథు సంఘంలోనే తర్జనభర్జన జరిగింది. పౌలు తినేవారి స్వేచ్ఛ గురించీ రాశాడు, చూసేవారి మనస్సాక్షి గురించీ రాశాడు. మా సంఘంలో తీసుకోనివారే ఎక్కువ. తీసుకోనివారు "మేము తీసుకోమమ్మా, ఏమీ అనుకోవద్దు" అని చేతులు జోడించి చెబితే ఎవరూ బాధపడరు. తలూపి తీసుకుని వెనక వాకిట్లో పారేస్తే, అది కోళ్లు తింటుండగా వారు చూస్తే, అప్పుడు బాధపడతారు. క్రిస్మస్‌కు మన బిరియాని వారింటికి వెళ్తోందన్నది కూడా మనసులో ఉంచుకోండి.

## సంఘంలో ఒకరైపోయాక

గృహ కూడికకు మా ఇంట్లో చోటు లేదు, పెట్టడానికీ ఏమీ లేదు. ఎలా?

చోటుకు వాకిలి ఉంది. పెట్టడానికి టీ, బొరుగులు. కొన్నేళ్ల క్రితం ఒకరు ఉగ్గాని, బజ్జీ పెట్టారు. తర్వాతి బుధవారం ఇంటివారు పులావు చేశారు. ఆపై ఇంట్లో కోడి కూర, రాగి సంగటి. నెల తిరిగేసరికి కూడిక అడిగే ఇళ్లు పదహారు నుంచి అయిదుకు పడిపోయాయి. అప్పుడు సంఘంలో తీర్మానం చేసి పుస్తకంలో రాశాం: టీ, బొరుగులు, మనసు ఆగకపోతే ఒక మిరపకాయ బజ్జీ. ఉల్లంఘించినవారి ఇంట్లో ఆరు నెలలు కూడిక పెట్టం. ఇంతవరకు ఒకరికే ఆ శిక్ష పడింది. ఆమె ఇప్పటికీ అదొక బిరుదులా చెప్పుకుంటుంది.

అన్ని కూడికలకూ రాకపోతే విశ్వాసం తగ్గినట్టా?

కాదు. బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రెండో శనివారం స్త్రీల కూడిక. పని మానుకుని అన్నింటికీ రమ్మని ఎవరూ అనరు. శనగ కోతలప్పుడు నేనే సగానికి ఎగ్గొడతాను.

అమ్మ కువైట్‌లో ఉంది. ఆమెను సంఘంలో ఎలా కలిపి ఉంచాలి?

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇది ఇంటింటి కథ. మా 38 ఇళ్లలో 9 ఇళ్లవారు కువైట్‌లో ఉన్నారు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనలు ఎక్కువగా ఆ రోజే ఉంటాయి, ఇంటిపనిలో ఉన్నవారికి ఆ సెలవు కూడా అందరికీ దక్కదు. వారి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనం రాత్రి తొమ్మిదిన్నరకు తీరికగా ఫోను చేస్తే వారికి ఏడు, పొయ్యి దగ్గర ఉంటారు.

ప్రసంగాల వీడియోలు పంపవద్దు, వారికి అవి ఇప్పటికే వంద వచ్చి ఉంటాయి. మీ గొంతు పంపండి. మా సండే స్కూలులో ఒక పిల్లవాడు పాడిన చరణాన్ని వాళ్ల టీచరు ఫోనులో పట్టి తల్లికి పంపింది. వాడు మధ్యలో మాట మరిచిపోయి, "టీచర్, తర్వాత ఏమి?" అని అడగడం కూడా అందులో ఉంది. తల్లి నుంచి అర్ధరాత్రి దాటాక జవాబు వచ్చింది: "గిన్నెలు తోముతూ ఆరుసార్లు విన్నాను. ఆ మరిచిపోయిన చోటు తీసేయవద్దు."

పెళ్లి సంఘంలో చేయాలంటే ఏం కావాలి?

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, ఆ చట్టం కింద అధికారం లేదా లైసెన్సు ఉన్నవారే పెళ్లి జరిపించాలి. ప్రతి పాస్టరుకూ అది ఉండదు, మొదట అది అడగండి. వరుడికి 21, వధువుకు 18 నిండాలి. పెళ్లి వేళ మామూలుగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు. బంధువులు రాత్రి పదకొండు గంటల ముహూర్తం పట్టుకొస్తారు, ఒప్పుకోవద్దు. ముందుగా నోటీసు ఇవ్వాలి కాబట్టి నెల ముందే రండి, శుభలేఖలు అచ్చయ్యాక కాదు.

సంఘంలో ఇద్దరు అక్కలకు మాటల్లేవు. మధ్యలో మేము నలిగిపోతున్నాం.

మా గొడవకు మూలం ఒక పెద్ద అల్యూమినియం డేగిసా. క్రిస్మస్ విందుకు తెచ్చినది సొట్ట పడి తిరిగి వెళ్లింది. ఎవరు పడేశారన్న దాని మీద రెండు ఇళ్లు పద్నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. మీ దగ్గర వేరే గిన్నె ఉంటుంది, అంతే తేడా.

ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలుండేవారు. ఏకమనస్సుతో ఉండమని పౌలు వారిద్దరినీ విడివిడిగా పేరు పెట్టి బతిమాలాడు. ఆ ఉత్తరాన్ని సంఘమంతా కూడినప్పుడు చదివి ఉంటారు. వారి ముఖాలు ఎలా ఉన్నాయో అని నేను తరచూ అనుకుంటాను. ఎవరిది తప్పు అన్నది పౌలు రాయలేదు. వారికి సాయం చేయమని ఇంకొకరిని అడిగాడు.

మేమూ అదే చేశాం. తీర్పు చెప్పడం మానేసి ఇద్దరినీ ఈస్టర్ వంటకు వేశాం. ఉల్లిపాయలు కోసేటప్పుడు ఇద్దరి కళ్లలోనూ నీళ్లే కాబట్టి ఎవరు ముందు ఏడ్చారన్న పంచాయితీ రాలేదు. సొట్ట ఇంకా ఉంది.

సంఘంలో ఒకరు అప్పు అడుగుతున్నారు. ఇవ్వనా?

తిరిగి రాకపోయినా బాధపడనంత ఇవ్వండి, దాన్ని అప్పు అనకండి. అప్పు ఇస్తే డబ్బుతోపాటు ఆ మనిషి కూడా ఆరాధనకు రావడం మానేస్తాడు. మూడుసార్లు చూశాను. సంఘం పేరు చెప్పి చీటీలు నడపడానికి మేము ఒప్పుకోం.

పదో తరగతి అయ్యాక మా అబ్బాయి రావడం మానేశాడు.

వాడికి ప్రసంగం కాదు, పని కావాలి. మైకు తీగలు, ప్రొజెక్టరు, క్రిస్మస్ నక్షత్రం కట్టడం, ఏదో ఒకటి అప్పగించండి. తప్పు చేస్తే అందరి ముందు అరవకండి.

## కష్టం వచ్చినప్పుడు

ప్రార్థన చేయించుకున్నాక మందులు వాడితే అవిశ్వాసమా?

కానే కాదు. యాకోబు పత్రికలో పెద్దలను పిలిపించుకుని ప్రార్థన చేయించుకోమని ఉంది, మాత్రలు మానమని లేదు. సువార్త రాసిన లూకాను పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. మన జిల్లాకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వారే జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. షుగరు, బీపీ, క్షయ, మూర్ఛ, వీటి మందులు ఎవరు ఆపమన్నా, అది ఎంత పెద్ద ప్రసంగీకుడైనా, ఆపవద్దు. మా సంఘంలో ఒకరు ఒక సభకు వెళ్లి వచ్చి ఇన్సులిన్ ఆపేశారు. కాలి వేళ్లు రెండు పోయాయి.

కారణం లేకుండా దిగులు. ప్రార్థన కూడా చేయలేకపోతున్నాను. ఇది పాపమా?

పాపం కాదు. ప్రవక్త ఏలీయా కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన తర్వాత అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి అతనికి ఉపదేశం చేయలేదు. తట్టి లేపి, భోజనం చేయమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమనే చెప్పాడు.

కాబట్టి ముందు తినండి, నిద్రపోండి, ఒకరితో చెప్పండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. తోడు కావాలంటే నేను వస్తాను. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆగకుండా ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం లైను టెలీమానస్ 14416కు ఫోను చేయండి. ఏ వేళైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మీరు ప్రార్థన చేయలేని రోజుల్లో మీ బదులు మేము చేస్తాం, సంఘం ఉన్నది అందుకు కూడా.

ప్రార్థన మనవి చెబితే ఊరంతా పాకుతుందేమో?

పాకేది. "ఆమె కోసం ప్రార్థించండి" అనే మాట వెనక ఎంత కబురు వెళ్తుందో అందరికీ తెలుసు. ఇప్పుడు చీటీ మీద పేరు లేకుండా రాసి పెట్టెలో వేయవచ్చు. పాస్టరు గారు, అమ్మగారు చదివి చింపేస్తారు. ఫోను గ్రూపులో మాత్రం మనవులు పెట్టకండి.

చావు ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియదు.

తక్కువ మాట్లాడండి. బైబిల్లో యోబు పిల్లలను పోగొట్టుకున్నప్పుడు అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా నేల మీద కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాక అంతా పాడైంది. "దేవుడు మంచివారిని ముందు తీసుకుంటాడు" అనకండి. వచనాలు కురిపించకండి.

చేయవలసిన పని చాలా ఉంటుంది. ఫ్రీజరు పెట్టె తెప్పించాలి, సమాధి తవ్వేవారిని పిలవాలి, పిల్లలను వేరే ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాలి, వచ్చినవారికి నీళ్లు అందించాలి. అడగకుండా ఒకటి అందుకోండి. "ఏదైనా అవసరమైతే చెప్పండి" అంటే ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు.

తర్వాత ఆదరణ కూడిక పెడతాం. పాటలు, వాక్యం, భోజనం, అందరూ వస్తారు. మరుసటి రోజు నుంచి ఎవరూ రారు. మా ఆయన పోయినప్పుడు నాకు తెలిసింది, నిజమైన ఆదరణ కూడిక ఆ తర్వాతే కావాలని. అప్పుడు పక్క వీధి అక్క ఒకామె రోజూ నాలుగింటికి వచ్చేది. ఇంట్లో విత్తనానికి ఉంచిన వేరుశనగ బస్తా ఉంది. చేట ముందు పెట్టుకుని కాయ నొక్కి, గింజ చేటలోకి, పొట్టు పక్కకు. నేనూ కూర్చునేదాన్ని. ఇరవై మూడు రోజుల్లో బస్తా అయిపోయింది. అన్ని రోజుల్లో ఆమె ఒక్క వచనం చెప్పలేదు. చివరి రోజు చేట దులిపి, "రేపటి నుంచి ఏమి ఒలుద్దాం?" అని అడిగింది.

## బాధ్యత తీసుకున్నాక

కోశాధికారిగా పెట్టారు. లెక్కలు ఎలా చూపాలి?

కానుక పెట్టె ఇద్దరు కలిసి తెరవాలి, ముగ్గురైతే ఇంకా మంచిది, వారు ఒకే ఇంటివారు కాకూడదు. అప్పుడే లెక్కించి, అప్పుడే రాసి, సంతకాలు పెట్టండి. నెలకొకసారి జమాఖర్చు గోడకు అంటించండి. సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేసి ఉంటే 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏటా లెక్కలు దాఖలు చేయాలి. నమ్మకం ఉంది కదా, కాగితం ఎందుకు అనేవారే రేపు మొదట అనుమానిస్తారు.

మైకు గురించి పక్కింటివారు గొడవ పెడుతున్నారు.

వారిది న్యాయమే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఇంత చిన్న షెడ్డులో పాస్టరు గారి గొంతే చాలు. బయటి హారన్ మేము తీసేశాం. ఇంటర్ పరీక్షల నెలలో ఎదురింటి అమ్మాయి వచ్చి థాంక్స్ చెప్పి వెళ్లింది.

అమ్మగారి బాధలు ఎవరు వింటారు?

ఎవరూ వినరు, అదే సమస్య. ఆమె దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకసారైనా మనవి లేకుండా వెళ్లండి.

మూడు వారాలు రానివారికి ఫోను చేసి ఏమనాలి?

"ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా సాకు మాత్రమే ఉంటుంది.

మా వెనక వరుసలో ఒక అవ్వ కూర్చునేది. పాటలు పాడదు, మాట్లాడదు, కానుక పెట్టెలో రెండు రూపాయల బిళ్ల వేసి వెళ్లిపోతుంది. ఆమె నాలుగు ఆదివారాలు రాలేదు. ఎవరమూ గమనించలేదు, కార్యదర్శినైన నేను కూడా. బావి దగ్గర జారి పడి తుంటి విరిగిందని పాలవాడు చెబితే తెలిసింది. వెళ్లేసరికి మంచం పక్కన చెంబులో నీళ్లు కూడా లేవు. నన్ను చూసి, "ఆదివారం ఎన్ని వచ్చాయి లెక్క పెట్టుకుంటున్నానమ్మా" అంది.

ఆ వారమే నలభై పేజీల నోటుపుస్తకం కొన్నాం. వచ్చినవారి పేర్లు అందులో రాయం, రానివారి పేర్లే రాస్తాం. పక్కన, ఎవరు వెళ్లి చూస్తారో వారి పేరు. వెళ్లినవారు "అన్నం తిన్నావా అవ్వా?" అని మొదలుపెడతారు, మిగతాదంతా వారే చెబుతారు. చెప్పకపోయినా టీ తాగి వస్తాం. పుస్తకం గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది, పెన్నును దారంతో కట్టాం, లేకపోతే నిలవదు. ఎవరైనా రాయవచ్చు. పోయిన నెల జ్వరం వచ్చి నేను వెళ్లలేదు. సోమవారం సాయంత్రానికి మూడు ఇళ్ల నుంచి మిరియాల చారు వచ్చింది, మూడింటిలోనూ ఉప్పు ఎక్కువే.